కుర్రాళ్లు రైజెన్ అడుగుతారు, కంపెనీలు ఇంటెల్ పంపుతాయి: ఏ చిప్ పెట్టాలో అసలు ఎవరు తేలుస్తారు?

తణుకు_డీలర్ | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండి. మాది తణుకులో చిన్న కంప్యూటర్ షాపు, పదహారేళ్ల నుంచి నడుపుతున్నాను. ఒక సంగతి చాలాకాలంగా బుర్ర తినేస్తోంది. ఇంజనీరింగ్‌లో చేరే కుర్రాళ్లు వీడియోలన్నీ చూసేసి వచ్చి "అంకుల్, రైజెన్ ఉందా" అనే అడుగుతారు, అదే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ చిప్. నేను డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేస్తే ఇంటెల్ మోడళ్లు ఓ డజను గడగడా చదువుతాడు, ఏఎండీవి రెండో మూడో, అవి కూడా స్క్రీను మసగ్గా ఉండేవో ర్యామ్ తక్కువవో. మొన్న ఒక స్కూలు వాళ్లకి 25 మెషీన్లు కావాలంటే రైజెన్ 5 అయితే రేటు కలిసొస్తుందని కొటేషన్ ఇచ్చాను, తీరా ఆర్డర్ వచ్చాక "ఆ మోడల్ ఆరు వారాలు పడుతుంది సార్" అన్నాడు ఆ మహానుభావుడు. మాట ఇచ్చాను కాబట్టి ఇంటెల్‌వి పెట్టి, మార్జిన్ వదులుకుని పని కానిచ్చాను.

జనం అడిగేది ఒకటి, కంపెనీలు తయారుచేసేది ఇంకొకటి. మరి డెల్, హెచ్‌పీ, లెనోవో, ఏసర్ వాళ్లు ఎవరి మాట విని చిప్ ఎంచుకుంటున్నట్టు? లోపల డబ్బులు చేతులు మారతాయంటారు కొందరు. నిజమేనా, ఉత్త పుకారా?

రైజెన్_రాజా | రాత్రి 9:20

పుకారేంటి అన్నా, కోర్టులో తేలిన విషయం. ఇంటెల్ డబ్బులిచ్చి ఏఎండీని తొక్కేసింది. యూరప్‌లో వంద కోట్ల యూరోలకు పైగా ఫైన్ పడింది. ఇంకేం కావాలి? టాపిక్ క్లోజ్.

పగిలిన_పిక్సెల్ | రాత్రి 9:23

మొదలైంది. పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చుంటున్నా.

సీటీసీ_పాతకాపు | రాత్రి 9:58

రాజా, నువ్వు పుట్టకముందు నుంచి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో మెషీన్లు బిగిస్తున్నవాణ్ని, కాస్త మెల్లగా. ఈ కథ నువ్వు చెప్పే 2009 యూరప్ ఫైన్‌తో మొదలవలేదు, 1981లో ఐబీఎం పీసీతో మొదలైంది. ఐబీఎం తన పీసీలో ఇంటెల్ 8088 పెట్టింది. కానీ ఒక్క సప్లయర్ మీదే ఆధారపడితే రేపు వాడు చెయ్యెత్తేస్తే మన గతేంటని, ఆ చిప్ చేసేవాడు ఇంకొకడు కూడా ఉండాలన్నది ఐబీఎం పట్టు. అలా ఏఎండీ కూడా ఆ చిప్ చేసేలా 1982లో ఇంటెల్, ఏఎండీ ఒప్పందం చేసుకున్నాయి. అంటే ఏఎండీని ఈ వ్యాపారంలో నిలబెట్టింది ఏఎండీ గొప్పతనం కాదు, కంప్యూటర్ తయారీదారు భయం. ఆ భయం ఇప్పటికీ ఉంది, అందుకే ఏఎండీ ఇప్పటికీ ఉంది.

తర్వాత ఇంటెల్‌కి బలం వచ్చింది. 386 అనే కొత్త తరం చిప్ వచ్చేసరికి డిజైన్ ఎవరికీ ఇవ్వనంది. 1986లో కాంపాక్ ఐబీఎం కంటే ముందే 386 మెషీన్ తెచ్చేసింది, దాంతో "పీసీ అంటే ఐబీఎం" పోయి "పీసీ అంటే ఇంటెల్" అయ్యింది. ఏఎండీ మధ్యవర్తి దగ్గరికెళ్లి ఏళ్లపాటు కొట్లాడి, చివరికి సొంతంగా ఏఎం386 చేసుకుని 1991లో వదిలింది. అదే ఏడాది ఇంటెల్ ఏం చేసిందో గుర్తుందా? "ఇంటెల్ ఇన్‌సైడ్" స్టిక్కర్. అది ఉత్త స్టిక్కర్ కాదు. కంప్యూటర్ కంపెనీ తన ప్రకటనలో ఆ లోగో వేస్తే ప్రకటన ఖర్చులో కొంత ఇంటెల్ భరించేది. మార్జిన్లు సన్నగా ఉండే పీసీ వ్యాపారంలో ఆ డబ్బు చిన్నదేం కాదు.

1999లో ఏఎండీ చిప్ ఆథ్లాన్ వచ్చినప్పటి ముచ్చట ఒకటి. చిప్ బ్రహ్మాండంగా ఉంది, 2000 మార్చిలో 1 గిగాహెర్ట్జ్ గీత దాటింది కూడా ఏఎండీయే, ఇంటెల్ కంటే రెండు రోజుల ముందు. కానీ దానికి మదర్‌బోర్డు చేయడానికి తైవాన్ వాళ్లకి గుండెదడ. పేరు లేని తెల్ల అట్టపెట్టెల్లో వచ్చేవి ఆ బోర్డులు. ఇంటెల్‌కి కోపం వచ్చి బోర్డుకి కావలసిన తోడు చిప్‌లు, అదే చిప్‌సెట్లు, ఆపేస్తే మన షాపు మూతేనని వాళ్ల బెంగ అని అప్పట్లో మార్కెట్ అంతా అనుకునేవాళ్లం.

తణుకు_డీలర్ | రాత్రి 10:05

తెల్ల పెట్టెలా! పాతకాపు గారూ, ఇలాంటివి ఇంకా చెప్పండి.

ఆస్టిన్_అక్కయ్య | శనివారం, రాత్రి 11:47

ఇక్కడ అమెరికా ఆస్టిన్‌లో మధ్యాహ్నం, లంచ్ టైంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మా ఊళ్లో ఒక పక్క ఏఎండీ పెద్ద ఆఫీసు ఉంది, అరగంట కారులో వెళ్తే రౌండ్ రాక్‌లో డెల్ హెడ్డాఫీసు. అయినా 2006 వరకు డెల్ ఒక్క ఏఎండీ పీసీ కూడా చేయలేదు. పక్కింటివాడి కొట్లో పప్పు కొనకుండా ఊరవతలకెళ్లి తెచ్చుకున్నట్టు.

రాజా చెప్పిన యూరప్ ఫైన్ కంటే నాకు ఆసక్తి అనిపించేది డెల్ లెక్కలే. 2010లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ, అదే ఎస్ఈసీ, డెల్ మీద కేసు పెట్టింది. చిప్ కొన్నందుకు కాదు, ఇంటెల్ నుంచి వస్తున్న డబ్బు సంగతి వాటాదారులకు చెప్పనందుకు. అందులో చెప్పిన లెక్క చూడండి: 2003 ఆర్థిక సంవత్సరంలో డెల్ నిర్వహణ లాభంలో ఇంటెల్ చెల్లింపులు 10 శాతం, 2006 నాటికి 38 శాతం, 2007 ఆర్థిక సంవత్సరం మొదటి త్రైమాసికంలో 76 శాతం. మళ్లీ చదవండి, 76. నాలుగు డాలర్ల లాభంలో మూడు డాలర్లు పీసీలు బాగా చేసినందుకు వచ్చినవి కావు, ఏఎండీని గడప తొక్కనివ్వనందుకు వచ్చినవి. డెల్ 10 కోట్ల డాలర్లు, మైకేల్ డెల్ స్వయంగా 40 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు, తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా.

ఇంకో తమాషా. 2006 మేలో డెల్ ఎట్టకేలకు "మేమూ ఏఎండీ సర్వర్లు చేస్తాం" అని ప్రకటించింది. ఏఎండీ సర్వర్ చిప్ ఆప్టెరాన్ వచ్చి అప్పటికి మూడేళ్లు. 2003లోనే ఐబీఎం, సన్ కదిలాయి, 2004లో హెచ్‌పీ. అందరి కంటే ఆలస్యంగా డెల్ బయల్దేరింది, సరిగ్గా రెండు నెలలకి జులైలో ఇంటెల్ కోర్ 2 డుయో వదిలింది, ఆట మళ్లీ ఇంటెల్ వైపు తిరిగింది. పెళ్లికి వెళ్లేసరికి భోజనాలు అయిపోయినట్టు.

రైజెన్_రాజా | రాత్రి 11:52

76 శాతమా!! అక్కా నాకే తెలీదు ఈ నంబర్. చెప్పాగా, లంచం.

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:31

లంచం అనే మాట దగ్గర ఆగిపోతే అసలు కిటుకు అర్థం కాదు బాబూ. లెక్క వేసి చూపిస్తాను, కాగితం తీసుకో. ఇవి నేను కల్పించిన అంకెలు, పద్ధతి అర్థం కావడానికే.

ఒక కంప్యూటర్ కంపెనీకి ఏడాదికి 100 చిప్‌లు కావాలి. పెద్ద సప్లయర్ ధర ఒక్కోటి 100 రూపాయలు. "నీ అవసరంలో 95 శాతం నా దగ్గరే కొంటే అన్నింటి మీదా 10 రూపాయలు తగ్గిస్తా" అంటాడు. మొత్తం 100 కొంటే 9,000 అవుతుంది. ఇప్పుడు చిన్న సప్లయర్ వచ్చాడు. వాడి ఫ్యాక్టరీ చిన్నది, మహా అయితే 30 ఇవ్వగలడు. అంటే 70 ఎలాగూ పెద్దవాడి దగ్గరే కొనాలి, వేరే దారి లేదు. కానీ 95 శాతం గీత దాటలేదు కాబట్టి ఆ 70కీ తగ్గింపు పోయింది, 7,000 పూర్తిగా కట్టాలి. మొత్తం ఖర్చు 9,000 దాటకూడదంటే చిన్నవాడు తన 30 చిప్‌లను 2,000కే ఇవ్వాలి, అంటే ఒక్కోటి 67 రూపాయలు. పెద్దవాడు 90కి అమ్ముతున్నది వీడు 67కి అమ్మాలి, చిప్ ఇంకా మంచిదైనా సరే. వాడు 15 మాత్రమే ఇవ్వగలిగితే? 85 పెద్దవాడి దగ్గర, 8,500. మిగిలింది 500. ఒక్కోటి 33 రూపాయలు. చిన్నవాడు ఎంత చిన్నవాడైతే అంత నేలబారు ధర చెప్పాలి. పెద్దవాడు ఎక్కడా నష్టానికి అమ్మలేదు గమనించు, అందుకే కోర్టుల్లో ఇది తప్పా ఒప్పా అని ఇన్నేళ్లు నలిగింది.

ఏఎండీకి అప్పట్లో ప్రధానంగా ఉన్నది జర్మనీ డ్రెస్డెన్‌లో ఒక ఫ్యాక్టరీ. 2005లో డెలావేర్ కోర్టులో ఏఎండీ వేసిన దావాలో ఉన్న ఆరోపణ ఒకటుంది: హెచ్‌పీకి పది లక్షల ప్రాసెసర్లు ఊరికే ఇస్తామంటే 1,60,000 మాత్రమే తీసుకుందని. ఊరికే ఇచ్చినా ఎందుకు తీసుకోలేదో పై లెక్క మళ్లీ చూస్తే తెలుస్తుంది. మిగతా వాటి మీద పోయే తగ్గింపు ముందు ఉచితం కూడా ఖరీదే.

పగిలిన_పిక్సెల్ | ఉదయం 9:40

మాస్టారూ, ఆదివారం పొద్దున ఆరున్నరకి లెక్కలు చెప్పేవాళ్లు మీరొక్కరే ప్రపంచంలో. కానీ అర్థమైంది. ఇంటర్‌లో మీరుంటే నేను పాసయ్యేవాణ్ని.

బయోస్_బాబాయ్ | ఉదయం 10:55

ఈ రిబేట్ల, అంటే షరతు పెట్టి ఇచ్చే తగ్గింపుల, కథ నిజమే, కానీ అది ఇరవై ఏళ్ల కిందటిది. 2009లో ఇంటెల్ ఏఎండీకి 125 కోట్ల డాలర్లిచ్చి అన్ని గొడవలూ తెంచుకుంది. మరి ఈ రోజుకీ మన తణుకు అన్నయ్యకి రైజెన్ ఎందుకు దొరకడం లేదు? దానికి జవాబు డబ్బులో కంటే పనిలో ఎక్కువుంది. నేను హైదరాబాద్‌లో కూర్చుని పదకొండేళ్లు ల్యాప్‌టాప్‌ల బయోస్, అంటే మెషీన్ ఆన్ చేయగానే ముందు లేచే ప్రోగ్రాం, రాశాను. ఏ కంపెనీకో చెప్పను, మీరు రోజూ చూసే పేరే.

బయట నుంచి చూసేవాళ్లు చిప్ మార్చడమంటే కారులో బ్యాటరీ మార్చినట్టు అనుకుంటారు. కాదు. సాకెట్ వేరు, మదర్‌బోర్డు వేరు, కరెంటు సర్దే సర్క్యూట్ వేరు, వేడి పోయే దారి వేరు, బయోస్ వేరు, డ్రైవర్లు వేరు. మూత మూస్తే నిద్రపోవాలి, తెరిస్తే లేవాలి. ఈ ఒక్క దాన్ని సరిచేయడానికే నెలలు పట్టిన ప్రాజెక్టులున్నాయి. అంటే ఒకే మోడల్‌ని రెండు చిప్‌లతో చేస్తే దాదాపు రెండు ప్రాజెక్టులు. మొదటిది పది లక్షలు అమ్ముడయి రెండోది లక్ష అమ్ముడయితే ఆ రెండో ప్రాజెక్టు ఖర్చు ఒక్కో మెషీన్ మీద పదింతలు పడుతుంది. అప్పుడు మేనేజర్ ఏం చేస్తాడు? పోయినేడాది డబ్బానే తీసుకుని, పాత స్క్రీనే పెట్టి, రెండో చిప్‌ని అందులో కుక్కుతాడు. మీకు మసక స్క్రీనుతో వచ్చేది ఆ సరుకే అన్నయ్యా. అది సరిగా అమ్ముడవదు, "చూశారా, ఆ చిప్‌కి గిరాకీ లేదు" అని మీటింగ్‌లో ఎక్సెల్ షీట్ చూపిస్తాడు. నా కళ్లముందు జరిగింది ఇది, ఒకసారి కాదు.

ఇక్కడే పెద్ద సప్లయర్ బలం ఇంకోటుంది. వాడు చిప్ ఒక్కటే అమ్మడు, దాని చుట్టూ సగం ల్యాప్‌టాప్ గీసి ఇస్తాడు. 2003లో సెంట్రినో అనే ల్యాప్‌టాప్ బ్రాండు చూడండి: ప్రాసెసర్, చిప్‌సెట్, వైఫై మూడూ ఇంటెల్‌వే అయితేనే ఆ పేరు వాడుకోనిచ్చేవాడు. 2011లో అల్ట్రాబుక్‌లు అనే పల్చటి ల్యాప్‌టాప్‌ల కోసం 30 కోట్ల డాలర్ల నిధి. తర్వాత ల్యాప్‌టాప్‌ల మీద వేసే ఈవో బ్యాడ్జి. మీ దగ్గర సమస్య వస్తే వాళ్ల ఇంజనీర్లు మీ ల్యాబ్‌కే వచ్చి కూర్చుంటారు. డెడ్‌లైన్ దగ్గరపడి నిద్రలేని రాత్రుల్లో ఏ చిప్‌కి బెంచ్‌మార్క్ ఎక్కువో ఎవడికీ గుర్తుండదు, ఫోన్ చేస్తే ఎత్తేవాడెవడో వాడే గుర్తుంటాడు.

టెండర్_బాధితుడు | ఆదివారం, మధ్యాహ్నం 12:18

బాబాయ్ చెప్పింది తయారీ వైపు. నేను కొనే వైపు నుంచి చెప్తాను, ఒక ప్రభుత్వ కార్యాలయంలో కొనుగోళ్ల ఫైళ్లు చూస్తాను. నిబంధనల ప్రకారం స్పెసిఫికేషన్‌లో బ్రాండ్ పేరు రాయకూడదు, జీఎఫ్‌ఆర్, అంటే ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, అదే చెబుతుంది. కానీ పాత ఫైలులో "కోర్ ఐ5 లేదా తత్సమానం" అని ఉంటుంది, కొత్త ఫైలు పాత ఫైలుకి నకలు. ఈ "తత్సమానం" ఉంది చూశారూ, అది అలంకారం. సమానం అని సంతకం పెట్టాల్సింది ఎవరు? నేనే. రేపు ఆడిట్‌లో "ఏ ఆధారంతో సమానమన్నారు" అని అడిగితే నేను యూట్యూబ్ వీడియో చూపించలేను కదా. ఐ5 కొంటే ఎవడూ అడగడు. ఏ కంపెనీ ఏ లంచమూ ఇవ్వకుండానే నా దగ్గర ఇంటెల్ గెలిచేసింది, కారణం నా పిరికితనం. కార్పొరేట్ ఆఫీసుల్లోనూ ఇదే అనుకుంటా, వేల మెషీన్లకి ఒకే సాఫ్ట్‌వేర్ ఇమేజ్ (ముందే సిద్ధం చేసిన నకలు) పెట్టుకున్న ఐటీ మేనేజర్ రెండో రకం చిప్‌ని ఎందుకు తలకెత్తుకుంటాడు.

రైజెన్_రాజా | మధ్యాహ్నం 12:40

అంటే ఇంటెల్ తప్పేం లేదంటారా అందరూ కలిసి? డబ్బులు తిన్నవాళ్లకి సపోర్ట్ చేస్తున్నారు. బాబాయ్ కూడా ఇంటెల్ దగ్గర జీతం తీసుకున్నవాడేమో ఎవరికి తెలుసు.

నిర్వాహకుడు | మధ్యాహ్నం 12:44

రాజా, మనుషుల మీదికి వెళ్లొద్దు. ఇంకోసారి అయితే వారం రోజులు సెలవు.

బయోస్_బాబాయ్ | మధ్యాహ్నం 1:02

పర్లేదులెండి, నాకు జీతం ఇచ్చినవాళ్లు ఇద్దరి చిప్‌లూ వాడేవాళ్లే. రాజా, ఒక పని చెయ్, నువ్వు చెప్పిన ఆ యూరప్ ఫైన్ చివరికి ఏమయ్యిందో చూసి చెప్పు.

రైజెన్_రాజా | మధ్యాహ్నం 2:35

సారీ బాబాయ్, నోరు జారా. చూశాను. 2009లో 106 కోట్ల యూరోలు. 2014లో కింది కోర్టు సరే అంది. 2017లో పై కోర్టు మళ్లీ సరిగ్గా చూడమని వెనక్కి పంపింది. 2022 జనవరిలో అదే కింది కోర్టు ఫైన్ కొట్టేసింది, రిబేట్ల వల్ల సమర్థుడైన పోటీదారు నిజంగా తట్టుకోలేకపోయేవాడా అన్న విశ్లేషణ సరిపోలేదని. 2024 అక్టోబర్‌లో పై కోర్టు కూడా కొట్టివేతకే ఓటేసింది. నేను "కోర్టులో తేలింది" అన్నది తప్పే.

కానీ ఒక ముక్క మాత్రం నిలబడింది. రిబేట్లు కాకుండా, ఫలానా ఏఎండీ మోడల్‌ని ఆపండి, ఆలస్యం చేయండి అని హెచ్‌పీ, ఏసర్, లెనోవోలకి నేరుగా డబ్బిచ్చిన భాగం. దానికి 2023లో మొదట ఫైన్ వేసిన యూరోపియన్ కమిషనే మళ్లీ దాదాపు 37.6 కోట్ల యూరోల ఫైన్ వేసింది. అందులో హెచ్‌పీ గురించి ఉన్నది తణుకు అన్న చదవాలి: ఏఎండీ బిజినెస్ డెస్క్‌టాప్‌లను చిన్న కంపెనీలకీ ప్రభుత్వ, విద్యాసంస్థలకీ అమ్ముకోండి, పెద్ద కంపెనీలకి వద్దు, డీలర్ల దగ్గర స్టాక్ పెట్టనివ్వొద్దు, యూరప్‌లో ఆరు నెలలు ఆలస్యంగా విడుదల చేయండి. ఇవీ షరతులు.

తణుకు_డీలర్ | మధ్యాహ్నం 3:10

"డీలర్ల దగ్గర స్టాక్ పెట్టనివ్వొద్దు." ఈ ఒక్క వాక్యం ప్రింటు తీసి షాపులో గోడకి అంటించాలనుంది. చిప్ యుద్ధం అంటే ఏదో ల్యాబ్‌లో జరుగుతుందనుకున్నాను, జరిగేది నా అల్మారాలోనన్నమాట.

సీటీసీ_పాతకాపు | మధ్యాహ్నం 3:42

జపాన్‌ది మర్చిపోయారు అందరూ. 2005 మార్చిలోనే అక్కడి పోటీ నియంత్రణ సంస్థ ఇదే మాట అంది. ఎన్‌ఈసీ, ఫుజిట్సు, తోషిబా, సోనీ, హిటాచీ, ఐదుగురు తయారీదారులతో నూటికి నూరో నూటికి తొంభయ్యో ఇంటెల్‌వే వాడాలని రిబేట్లు కుదుర్చుకుంది అని. ఇంటెల్ ఆరోపణ ఒప్పుకోకుండానే ఆదేశం పాటిస్తానంది. ఆ తీర్పు చూసుకునే మూడు నెలలకి ఏఎండీ అమెరికాలో దావా వేసింది. కొరియా వాళ్లు 2008లో. ఊరూరా ఒకే కథ.

అయినా న్యాయంగా మాట్లాడుకుంటే, ఏఎండీ తన గోతిని తను కూడా తవ్వుకుంది. 2006లో సర్వర్లలో నాలుగో వంతు వాటా ఉన్నప్పుడు 540 కోట్ల డాలర్లు పెట్టి గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఏటీఐని కొంది, 2011లో బుల్డోజర్ తెచ్చింది. ఆ చిప్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. 2017 నాటికి సర్వర్లలో వాటా ఒక్క శాతం కూడా లేదు. అప్పుడు ఏ ఇంటెల్ రిబేటూ అక్కర్లేదు, ఎవడూ కొనేవాడే లేడు. నేనే కొనమని చెప్పేవాణ్ని కాదు.

ఆస్టిన్_అక్కయ్య | ఆదివారం, రాత్రి 10:15

పాతకాపు గారు చెప్పిన చోటు నుంచే అసలు రసవత్తరం. 2014లో లిసా సు ఏఎండీ సీఈఓ అయ్యారు, 2017లో జెన్ అనే కొత్త చిప్ డిజైన్ వచ్చింది, 2019లో తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీ 7 నానోమీటర్ల (అంకె చిన్నదైతే టెక్నాలజీ కొత్తదన్నమాట) పద్ధతి మీద చేసిన రెండో తరం ఎపిక్ సర్వర్ చిప్. చిప్ బాగుంది, మరి డెల్, హెచ్‌పీ ఒక్కసారిగా ఎగబడ్డాయా? లేదు. వాళ్లని కదిలించింది ఏఎండీ బలం కంటే ఇంటెల్ కొరత. ఇంటెల్ సొంత 10 నానోమీటర్ల పద్ధతి ఏళ్ల తరబడి వాయిదా పడటంతో అన్నీ పాత 14 మీదే చేయాల్సి వచ్చింది, ఫ్యాక్టరీలు చాలలేదు. 2018 సెప్టెంబర్‌లో ఇంటెల్ బహిరంగ లేఖ రాసింది, 2019 నవంబర్‌లో కస్టమర్లకి క్షమాపణ చెబుతూ ఇంకో లేఖ. ఆ నెలలోనే డెల్ చిప్‌ల కొరత వల్ల తన ఆదాయం అంచనా తగ్గించుకుంది. ఉన్న సిలికాన్‌ని ఇంటెల్ ఖరీదైన జియాన్ సర్వర్ చిప్‌లకీ పై తరగతి కోర్‌లకీ ఇచ్చింది, చవక చిప్‌లు ఎండిపోయాయి. ఆ ఖాళీలోకి ఏఎండీ దూరింది. హెచ్‌పీ, ఏసర్ 2019 మొదట్లో ఏఎండీ క్రోమ్‌బుక్‌లు తెచ్చింది అందుకే అని నా అంచనా. పాతకాపు గారి మొదటి పోస్టు చూడండి: 1981లో ఐబీఎంకి ఉన్న భయమే ఇది.

2020లో అసుస్ ఆ చిన్న గేమింగ్ ల్యాప్‌టాప్, జీ14, రైజెన్ 4000తో తెచ్చాకే "ఏఎండీ అంటే చవక డబ్బా" అన్న పేరు పోవడం మొదలయింది. అప్పటిదాకా మంచి డబ్బా ఇచ్చినవాళ్లు చాలా తక్కువ.

బయోస్_బాబాయ్ | రాత్రి 10:50

అవును, కానీ తర్వాతి అంకం కూడా చెప్పాలి. 2020లోనే ఇంటి నుంచి పని వచ్చింది, ల్యాప్‌టాప్‌లకి గిరాకీ చుక్కల్ని అంటింది, అప్పుడు ఏఎండీ దగ్గర సరుకు లేదు. సొంత ఫ్యాక్టరీలని 2009లోనే గ్లోబల్‌ఫౌండ్రీస్ పేరుతో విడగొట్టేసింది కదా, ఇప్పుడు టీఎస్‌ఎంసీ దగ్గర వరసలో నిలబడాలి. దక్కిన వేఫర్లలోనే, అంటే చిప్‌లు కోసే సిలికాన్ పళ్లేల్లోనే, సర్వర్ చిప్‌లు, డెస్క్‌టాప్‌లు, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ అన్నీ చేయాలి. నువ్వే లిసా సు అయితే ఒక వేఫర్ ఉంటే దేనికి వాడతావు, వేల డాలర్లకి అమ్ముడయ్యే ఎపిక్‌కా, తణుకులో స్కూలుకి వెళ్లే రైజెన్ 5కా? నేనైనా ఎపిక్కే అంటాను. జనవరిలో స్టేజీ మీద చూపించిన ల్యాప్‌టాప్ మన ఊరి షాపుకి వానాకాలంలో వస్తుందంటే అందులో కుట్ర ఏమీ లేదు, వరస అంతే.

పగిలిన_పిక్సెల్ | సోమవారం, ఉదయం 8:05

ఒక డౌట్. నేను చూసే జర్మనీ షాపు లెక్కల్లో ఏఎండీ దుమ్ము దులిపేస్తుంటుంది, వార్తల్లో మాత్రం పావు వంతే అంటారు. ఏది నిజం? ఇంకా యాపిల్ లాగా డెల్ వాళ్లు సొంత చిప్ చేసుకోవచ్చుగా, ఈ తలనొప్పంతా ఎందుకు?

లెక్కల_మాస్టారు | ఉదయం 8:30

రెండూ నిజమే. జర్మనీలో ఆ షాపు అమ్మేది విడి చిప్‌లు, సొంతంగా బిగించుకునేవాళ్లకి. ప్రపంచంలో అమ్ముడయ్యే కంప్యూటర్లలో అది చిన్న ముక్క. వార్తల్లో వచ్చేది ఎక్కువగా మెర్క్యురీ రీసెర్చ్ లెక్క, మొత్తం ఎక్స్86 చిప్‌ల, అంటే ఇంటెల్, ఏఎండీ చేసే రకం చిప్‌ల, సంఖ్య మీద. 2024 మూడో త్రైమాసికంలో సర్వర్లలో ఏఎండీ 24 శాతం పైచిలుకు, డెస్క్‌టాప్‌లో 28 పైన, ల్యాప్‌టాప్‌లో 22. చిప్‌ల సంఖ్య కాకుండా డబ్బు లెక్కలో చూస్తే ఇంకో బొమ్మ వస్తుంది. అదే త్రైమాసికంలో డేటా సెంటర్ ఆదాయంలో ఏఎండీ ఇంటెల్‌ని దాటింది, అందులో గ్రాఫిక్స్ చిప్‌లు, అదే జీపీయూలూ ఉన్నాయనుకో. ఎవరైనా "వాటా ఇంత" అంటే ముందు "దేంట్లో?" అని అడుగు.

ఆస్టిన్_అక్కయ్య | ఉదయం 9:10

యాపిల్ సంగతి నేను చెప్తా. వాళ్లు చిప్ వంశం మార్చడం ఇది మూడోసారి: 1994లో మోటరోలా 68000 నుంచి పవర్‌పీసీకి, 2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కి, 2020లో ఇంటెల్ నుంచి సొంత ఎం1కి. మార్చగలిగారంటే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లదే, డబ్బా వాళ్లదే, "పాత సాఫ్ట్‌వేర్ కొన్నేళ్లలో ఆపేస్తాం" అని చెప్పే ధైర్యమూ వాళ్లదే. ఐఫోన్ చిప్‌ల అనుభవం వెనక ఉంది. డెల్‌కి అవేవీ లేవు, విండోస్ మైక్రోసాఫ్ట్‌ది, కస్టమర్ పదిహేనేళ్ల నాటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వదలడు. 2012లో మైక్రోసాఫ్టే ఇంటెల్ వంశం కాని ఆర్మ్ చిప్‌తో సర్ఫేస్ ఆర్‌టీ తెచ్చి చేతులు కాల్చుకుంది. 2024 జూన్‌లో క్వాల్‌కామ్ ఆర్మ్ చిప్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్‌తో మళ్లీ వచ్చారు, ఈసారి పెద్ద బ్రాండ్లన్నీ ఒకేసారి మోడళ్లు తెచ్చాయి, డెల్‌తో సహా.

పగిలిన_పిక్సెల్ | ఉదయం 9:15

2006 దాకా ఇంటెల్ తప్ప ఇంకోటి ముట్టని డెల్, 2024లో ఇంకో చిప్‌కి మొదటి వరసలో!

సీటీసీ_పాతకాపు | ఉదయం 11:26

వాళ్లేమీ మారలేదు, కాలం మారింది. 76 శాతం రోజులు పోయాయి, ఇంటెల్ దగ్గర పంచడానికి ఇప్పుడు డబ్బే లేదు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఇంటెల్‌లో పది శాతం దాకా వాటా తీసుకుంది, సెప్టెంబర్‌లో ఎన్విడియా 500 కోట్ల డాలర్లు పెడతానంది, ఎన్విడియా గ్రాఫిక్స్ కలిపిన ఇంటెల్ చిప్ చేస్తారట. మన కాలంలో ఎవరైనా ఈ మాట అంటే మతి పోయిందనేవాళ్లం. అయినా సరే ల్యాప్‌టాప్‌లలో ఇంకా పెద్ద వాటా ఇంటెల్‌దే. బాబాయ్ చెప్పిన ఆ రెండు ప్రాజెక్టుల ఖర్చు, టెండర్ గారి సంతకం భయం, ఇవి కదిలేసరికి చాలా ఏళ్లు పడుతుంది.

తణుకు_డీలర్ | సోమవారం, మధ్యాహ్నం 1:50

మూడు రోజుల్లో పదహారేళ్ల డౌట్లు తీర్చారు, అందరికీ ధన్యవాదాలు అండి. ఇప్పుడు అసలు సంగతి. ఆ స్కూలు వాళ్లే ఫోన్ చేశారు, ఇంకో 10 మెషీన్లు కావాలట, ఈసారి వాళ్ల కంప్యూటర్ మాస్టారే "రైజెన్ అయితే బాగుణ్ను" అన్నారు. ఏం చేయమంటారు?

బయోస్_బాబాయ్ | మధ్యాహ్నం 2:04

కొటేషన్ రాయకముందే డిస్ట్రిబ్యూటర్‌ని "మోడల్ ఉందా" అని కాదు, "ఈ రోజు గోడౌన్‌లో ఎన్ని పెట్టెలున్నాయి" అని అడగండి. ఉన్నవాటికి సీరియల్ నంబర్లు వాట్సాప్‌లో పంపమనండి. పంపకపోతే లేనట్టే లెక్క.

టెండర్_బాధితుడు | మధ్యాహ్నం 2:11

స్కూలు వాళ్లతో కూడా "రైజెన్ 5 లేదా కోర్ ఐ5, ఏది ముందు వస్తే అది" అని రాయించుకోండి. తత్సమానం అని మాత్రం రాయొద్దు, మహాప్రభో.

తణుకు_డీలర్ | సాయంత్రం 5:37

అడిగాను. ఐ5 వి 63 పెట్టెలు ఉన్నాయట, సీరియల్ నంబర్లు అడక్కుండానే పంపాడు. రైజెన్ 5 వి నాలుగు. ఆ నాలుగూ నా పేరు మీద పక్కన పెట్టమన్నాను, మిగతా ఆరుకీ రేపు విజయవాడలో ఇంకో డిస్ట్రిబ్యూటర్‌ని కలవాలి.